ఏడు రోజుల లెక్క: యూనివర్సిటీ విద్యార్థినుల గర్భనిరోధక వాడకంలో చిక్కు ఎక్కడుంది

గర్భనిరోధక పద్ధతుల పేర్లు చెప్పమంటే యూనివర్సిటీ విద్యార్థినుల్లో చాలామంది గడగడా చెప్పేస్తారు. మాత్రలు, కండోమ్, కాపర్ టీ, ఎమర్జెన్సీ మాత్ర. అదే, నిన్న, మొన్న వేసుకోవాల్సిన రెండు మాత్రలు మరిచిపోతే ఈరోజు ఏం చేయాలి, ఎమర్జెన్సీ మాత్ర ఎన్ని గంటల్లోపు వేసుకోవాలి, అది ఎప్పుడు పనిచేయదు అని అడిగితే మాట ఆగిపోతుంది. విద్యార్థినుల మీద జరిగే సర్వేల్లో పదేపదే బయటపడేది ఇదే. పేర్లు తెలుసు, వాడకం తెలియదు. దీన్ని చూసి నిర్లక్ష్యం అనేయడం తేలిక, కానీ అది తప్పు. ఏ నియమం వెనక ఏ కారణం ఉందో ఎవరూ చెప్పకుండా నియమాలు మాత్రం అప్పజెబితే ఎవరికీ గుర్తుండవు.

ముందు అంకెలు చూద్దాం. ఒక పద్ధతిని 100 మంది ఏడాదిపాటు వాడితే ఎంతమందికి గర్భం వస్తుందన్నది కొలత. ఏ పద్ధతీ వాడకుండా కలుస్తుంటే సుమారు 85 మందికి వస్తుంది. రోజువారీ మాత్రల్ని ఒక్కటీ తప్పకుండా వేసుకుంటే ఒక్కరికి కూడా రాదనే చెప్పాలి. మామూలు మనుషులు వేసుకునే తీరులో వేసుకుంటే 7 మందికి వస్తుంది. కండోమ్ ప్రతిసారీ సరిగ్గా వాడితే 2, మామూలుగా వాడితే 13. స్ఖలనానికి ముందు బయటికి తీసే పద్ధతిలో, ఎంత జాగ్రత్తగా ఉన్నా 4, మామూలుగా 20. చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్‌కీ, గర్భసంచిలో పెట్టే కాపర్ టీకీ ఈ తేడా దాదాపు లేదు. రెండిట్లోనూ ఒకటి లోపే. ఒకసారి పెట్టించుకున్నాక రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు కాబట్టి మతిమరుపుకి చోటే లేదు.

అంటే మాత్రల్లో కనిపించే ఆ తేడా మందులోది కాదు. వాడే మనిషి రోజులు ఎలా గడుస్తాయో దాన్ని బట్టి వచ్చేది. యూనివర్సిటీ రోజులు ఎలా ఉంటాయో తెలిసిందే. పరీక్షల ముందు తెల్లవారుజాము దాకా మేలుకోవడం, మధ్యాహ్నం దాకా పడుకోవడం, సెలవులకి ఊరెళ్తూ మాత్రల షీటు గదిలో మరిచిపోవడం, గదిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ దాచాలో తెలియకపోవడం. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఒకటుంది. రెండు నెలలు భాగస్వామికి దూరంగా ఉండి, తర్వాత వారం రోజులు దగ్గరుండే బంధాలు ఈ వయసులో ఎక్కువ. దూరంగా ఉన్నప్పుడు మాత్రలు ఎందుకని ఆపేస్తారు, కలవడానికి రెండు రోజుల ముందు మళ్లీ మొదలుపెడతారు. అలా మొదలుపెట్టిన మాత్రకి ఆ వారంలో రక్షించే బలం రాదు. ఎందుకో తెలియాలంటే అండాశయంలో ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

మాత్ర ఎక్కడ పట్టు వదులుతుంది

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే హార్మోన్లు రెండూ ఉండే మామూలు మాత్ర (కంబైన్డ్ మాత్ర అంటారు) అండం విడుదలని ఆపుతుంది. ప్రతి నెలా మెదడు కింద ఉండే పీయూష గ్రంథి అండాశయానికి సంకేతాలు పంపుతుంది, దాంతో ఒక ఫాలికిల్ (అండం ఉండే చిన్న తిత్తి) పెరిగి అండాన్ని వదులుతుంది. మాత్రలోని హార్మోన్లు ఆ సంకేతాన్ని అణచివేస్తాయి. అయితే ఒక్క మాత్రతో అణగదు. వరుసగా ఏడు మాత్రలు పడితే గానీ అండాశయం నిద్రలోకి జారుకోదు. నెలసరి మొదలైన మొదటి 5 రోజుల్లో షీటు మొదలుపెడితే అదనపు రక్షణ అక్కర్లేదు. నెలలో ఇంకెప్పుడు మొదలుపెట్టినా మొదటి 7 రోజులు కండోమ్ వాడాలి. కలవడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టడం సరిపోదని చెప్పింది ఇందుకే.

ఇప్పుడు 21 మాత్రల షీటుని దగ్గరగా చూడండి. చివరి మాత్ర శనివారం వేసుకున్నారు. ఏడు రోజుల విరామం. ఆ విరామంలో వచ్చే రక్తస్రావం నిజమైన నెలసరి కాదు, హార్మోన్ అందక గర్భాశయ పొర ఊడిపోవడం. అసలు సంగతి లోపల అండాశయంలో జరుగుతుంటుంది. అణచివేత సడలగానే పీయూష గ్రంథి మళ్లీ మేలుకుంటుంది, ఫాలికిళ్లు పెరగడం మొదలుపెడతాయి. ఏడో రోజుకి కొందరిలో ఒక ఫాలికిల్ చెప్పుకోదగ్గంత పెరిగి ఉంటుంది. ఆదివారం కొత్త షీటు మొదలుపెడితే అది అక్కడే ఆగిపోతుంది. ఆదివారం, సోమవారం మరిచిపోయి మంగళవారం మొదలుపెడితే విరామం తొమ్మిది రోజులైంది. ఇక అండం విడుదల కావచ్చు.

షీటు మధ్యలో, పన్నెండో రోజున ఒక మాత్ర మరిచిపోతే చాలామంది బెంబేలెత్తిపోతారు. నిజానికి అప్పటికే పదకొండు మాత్రలు పడి అండాశయం గాఢనిద్రలో ఉంటుంది, ఒక రోజు ఆలస్యం దాన్ని కదిలించలేదు. అదే కొత్త షీటుని రెండు రోజులు ఆలస్యంగా మొదలుపెడితే ఎవరూ కంగారు పడరు. కంగారు పడాల్సింది అక్కడే. మాత్రల వాడకంలో ఇంతకన్నా ముఖ్యమైన సంగతి లేదు. విరామాన్ని పొడిగించే మరుపు ప్రమాదకరం.

ఇది అర్థమైతే నియమాలు వాటంతటవే గుర్తుంటాయి. ఒక మాత్ర మరిచిపోయి ఇంకా 48 గంటలు దాటకపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, తర్వాతిది మామూలు వేళకే. ఒకే రోజు రెండు పడినా పరవాలేదు, కండోమ్ అవసరం లేదు. రెండు లేక అంతకన్నా ఎక్కువ తప్పితే, ఆఖరుగా తప్పినదాన్ని మాత్రం వేసుకుని మిగతా తప్పినవి పారేయండి, షీటు కొనసాగించండి, ఏడు మాత్రలు వరుసగా పడేదాకా కండోమ్ వాడండి. ఇలా తప్పింది షీటు మొదటి వారంలో అయి, గత 5 రోజుల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే ఎమర్జెన్సీ మాత్ర గురించి ఆలోచించాలి. మూడో వారంలో తప్పితే విరామం తీసుకోకండి. ఉన్నవి పూర్తిచేసి మర్నాడే కొత్త షీటు మొదలుపెట్టండి. అసలు ఆ ఏడు రోజుల విరామం వైద్యపరంగా అవసరమే కాదు. రెండు మూడు షీట్లు వరుసగా వాడి తర్వాత విరామం తీసుకోవచ్చు. పరీక్షల సమయంలో నెలసరి నొప్పి తప్పించుకోవడానికి డాక్టర్లు సూచించే దారి కూడా ఇదే. 28 మాత్రల షీటులో చివరి 4 లేక 7 మాత్రల్లో సాధారణంగా హార్మోన్ ఉండదు. అవి మరిచిపోతే ఏమీ కాదు గానీ, ఏ రంగువి ఉత్తవో షీటు మొదలుపెట్టేటప్పుడే చూసి పెట్టుకోవాలి.

ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఉండే మాత్రలకి ఈ లెక్క వర్తించదు. పాతకాలపు రకాలు గర్భాశయ ముఖద్వారంలోని జిగురుని చిక్కబరిచి పనిచేస్తాయి. ఆ చిక్కదనం ఒక రోజుకి మించి నిలవదు కాబట్టి 3 గంటలు ఆలస్యమైనా తప్పినట్టే. డెసోజెస్ట్రెల్ రకానికి 12 గంటలు, డ్రోస్పిరినోన్ రకానికి 24 గంటల వెసులుబాటు ఉంది. లేచే వేళ రోజుకోలా మారే మనిషికి 3 గంటల మాత్ర రాసిస్తే, తప్పు రాసిచ్చినవాళ్లదే.

మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతి అయితే అది పడనట్టే, ఇంకొకటి వేసుకోవాలి. రెండు రోజులకు పైగా వాంతులో తీవ్రమైన విరేచనాలో ఉంటే ఆ రోజుల్ని తప్పిన మాత్రలుగానే లెక్కించాలి. మందుల సంగతిలో ఒక అపోహ బాగా నాటుకుపోయింది. అమోక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్ మాత్ర బలాన్ని తగ్గించవు. తగ్గించేవి వేరే. క్షయకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, కొన్ని హెచ్‌ఐవీ మందులు, దిగులుకి మూలికా మందుగా అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్. ఇవి కాలేయంలో హార్మోన్‌ని త్వరగా కరిగించేస్తాయి. వాటిని ఆపాక కూడా 4 వారాలు ఆ ప్రభావం ఉంటుంది. మూర్ఛకి లామోట్రిజిన్ వాడేవారికి వ్యవహారం తిరగబడుతుంది. కంబైన్డ్ మాత్ర ఆ మందు మోతాదుని రక్తంలో తగ్గించి మూర్ఛలు మళ్లీ వచ్చేలా చేయగలదు.

భయాలు, నిజాలు

మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్న భయంతో మానేసేవారు ఎందరో. మాత్రలు, ఇంప్లాంట్, కాపర్ టీ ఏది ఆపినా సంతాన సామర్థ్యం త్వరగానే తిరిగి వస్తుంది. మూడు నెలలకోసారి వేసుకునే ఇంజెక్షన్ ఒక్కటే మినహాయింపు. దాని ప్రభావం పోవడానికి నెలలు పడుతుంది, ఆఖరి ఇంజెక్షన్ తర్వాత గర్భం రావడానికి సగటున 10 నెలలు పట్టవచ్చు. అది ఆలస్యమే, నష్టం కాదు. బరువు పెరగడం కూడా ఇంజెక్షన్‌తోనే ఎక్కువగా కనిపిస్తుంది.

రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం నిజం. దాన్ని అంకెలతో చూడాలి. మాత్ర వాడని, గర్భం లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి 1 నుంచి 5 మందికి సిరల్లో గడ్డలు ఏర్పడతాయి. కంబైన్డ్ మాత్ర వాడేవారిలో 3 నుంచి 9 మందికి. గర్భంలో 5 నుంచి 20 మందికి, ప్రసవం తర్వాతి వారాల్లో ఇంకా ఎక్కువ. మొదలుపెట్టిన తొలి నెలల్లో, నెల పైగా ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ప్రమాదం ఎక్కువ. శరీరానికి విశ్రాంతి ఇద్దామని మధ్యమధ్యలో ఆపడం వల్ల మేలు లేకపోగా ఈ కీడు ఉంది.

కొందరు కంబైన్డ్ మాత్ర జోలికే వెళ్లకూడదు. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, వంకర వెలుగులు కనిపించే మైగ్రేన్ ఉన్నవారికి ఈస్ట్రోజెన్ పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతుంది. ఇంతకుముందు గడ్డలు వచ్చినవారు, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు కూడా దూరంగా ఉండాలి. వీరికి ప్రొజెస్టోజెన్ పద్ధతులో కాపర్ టీనో చాలావరకు సరిపోతాయి. ఏది నప్పుతుందో డాక్టర్ చూసి చెబుతారు. మాత్ర వాడుతుండగా ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మాత్ర మొదలుపెట్టడానికి ముందు నిజంగా కావలసిన పరీక్ష ఒక్కటే, రక్తపోటు చూడటం. మైగ్రేన్, కుటుంబంలో గడ్డల చరిత్ర, వాడే మందులు, పొగతాగే అలవాటు, ఈ నాలుగూ చెప్పాలి. లోపలి పరీక్ష అవసరం లేదు. పెళ్లయిందా అన్న ప్రశ్నకి వైద్యంలో ఏ ప్రయోజనమూ లేదు. ఆ ప్రశ్నకి భయపడి క్లినిక్ గడప తొక్కని అమ్మాయిలు ఉన్నారు. వాళ్లకి కలిగే నష్టం లెక్కల్లో కనిపించదు.

కండోమ్: చిన్న పనిలో పెద్ద తప్పులు

సుఖవ్యాధుల నుంచి కాపాడేది పై పద్ధతుల్లో ఇదొక్కటే. అందుకే మాత్రో ఇంప్లాంటో ఉన్నా కండోమ్ కూడా వాడటం మేలు. హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియా విషయంలో దీని రక్షణ బలమైనది. చర్మం చర్మానికి తాకి అంటుకునే హెర్పిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) విషయంలో కొంత తక్కువ. హెచ్‌పీవీకి వ్యాక్సిన్ ఉంది.

కండోమ్ చిరిగిందని చెప్పేవాటిలో చాలాసార్లు లోపం వాడకంలోనే ఉంటుంది. నెలల తరబడి పర్సులో పెట్టుకున్నది వేడికీ ఒత్తిడికీ పెళుసుబారుతుంది. పాకెట్ పళ్లతో చింపితే లోపలిది కూడా గీసుకుపోతుంది. గడువు తేదీ చూడండి, పాకెట్‌ని వేళ్ల మధ్య నొక్కి లోపల గాలి బుడగలా కదులుతోందో లేదో చూడండి, కదలకపోతే అది వాడకండి. కొసని రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి, ఆ ఖాళీ అలాగే ఉంచి మొదలుదాకా విప్పాలి. పొరపాటున తిరగేసి పెడితే తిప్పి మళ్లీ వాడకూడదు, కొసకి అప్పటికే వీర్యం అంటి ఉండొచ్చు. ఒకదాని మీద ఇంకొకటి తొడిగితే రాపిడికి రెండూ చిరగొచ్చు. స్ఖలనం తర్వాత అంగం మెత్తబడకముందే, మొదట్లో పట్టుకుని బయటికి తీయాలి. ఆలస్యమైతే జారి లోపలే ఉండిపోతుంది.

నూనె, వాజెలిన్, బాడీ లోషన్ కండోమ్ రబ్బరైన లేటెక్స్‌ని నిమిషాల్లో బలహీనపరుస్తాయి. నీటి ఆధారిత లేక సిలికాన్ జెల్ మాత్రమే వాడాలి. చాలామందికి తెలియని సంగతి, యోనిలో ఫంగస్‌కి వాడే కొన్ని క్రీములు, లోపల పెట్టుకునే మందుల్లో కూడా నూనె ఉంటుంది. ఆ మందు వాడే రోజుల్లో లేటెక్స్ కండోమ్‌ని నమ్మకూడదు.

క్యాలెండర్ లెక్కల్ని, ఫోన్‌లో నెలసరి యాప్ చూపించే ‘సేఫ్’ రోజుల్ని నమ్ముకునేవారికి ఒక్క మాట. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి, అండం ఒక్క రోజు. అండం విడుదల రాబోయే నెలసరికి సుమారు రెండు వారాల ముందు జరుగుతుంది. రాబోయే నెలసరి ఎప్పుడో ముందుగా ఎవరికి తెలుసు? జ్వరం, ప్రయాణం, నిద్రలేమి దాన్ని జరిపేస్తాయి. గత నెలల సగటు తీసి చెప్పే యాప్‌కి ఈ నెల పరీక్షలున్నాయని తెలియదు.

ఎమర్జెన్సీ మాత్ర

విద్యార్థినులు ఎక్కువగా ఆధారపడేది, తక్కువగా అర్థం చేసుకున్నది ఇదే. లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రక్షణ లేకుండా కలిసిన 72 గంటల్లోపు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. యులిప్రిస్టల్ 30 మిల్లీగ్రాములు 120 గంటల దాకా. రెండూ అండం విడుదలని వెనక్కి జరిపేవే. ఇప్పటికే నిలిచిన గర్భాన్ని ఇవి ఏమీ చేయవు. కాబట్టి ఇది గర్భస్రావ మాత్ర కాదు. అండం విడుదలకి పీయూష గ్రంథి ఆఖరి సంకేతం ఇచ్చేసిన తర్వాత లెవోనార్‌జెస్ట్రెల్ చేతులెత్తేస్తుంది. ఆ సంకేతం మొదలై ఇంకా పతాక స్థాయికి చేరకపోతే యులిప్రిస్టల్ కొంతవరకు ఆపగలదు.

ఇక్కడ జరిగే అసలు ప్రమాదం ఇది. నెలసరి మొదలైన పదో రోజున మాత్ర వేసుకున్నారనుకోండి. పద్నాలుగో రోజున రావాల్సిన అండం అయిదారు రోజులు వెనక్కి వెళ్లింది. మాత్ర వేసుకున్నాం కదా, ఈ నెల గండం గడిచిందని పదహారో రోజున మళ్లీ రక్షణ లేకుండా కలిశారు. ఆలస్యమైన ఆ అండం సరిగ్గా అప్పుడే రాబోతోంది. గడిచిన కలయికకే ఈ మాత్ర, రాబోయేవాటికి కాదు. ఒకే నెలలో రెండోసారి వేసుకోవాల్సి వస్తే వేసుకోవచ్చు, ఒంటికి హాని లేదు. కానీ పదేపదే దాన్నే పద్ధతిగా చేసుకుంటే రోజువారీ మాత్రంత రక్షణ దొరకదు, నెలసరి కూడా అస్తవ్యస్తమవుతుంది.

బరువు 70 కిలోలు దాటినా, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువుని కొలిచే లెక్క) 26 దాటినా లెవోనార్‌జెస్ట్రెల్ బలం తగ్గవచ్చు. అప్పుడు యులిప్రిస్టల్ మేలు. అన్నిటికన్నా గట్టిది కాపర్ టీ. 5 రోజుల్లోపు పెట్టించుకుంటే బరువుతో, వేసుకునే ఇతర మందులతో సంబంధం లేకుండా పనిచేస్తుంది, ఆపై ఏళ్ల తరబడి రక్షణ ఇస్తుంది. రోజువారీ మాత్రలు తప్పినందువల్ల ఎమర్జెన్సీ మాత్ర వేసుకునేవారు ఇంకోటి గమనించాలి. గత 7 రోజుల్లో ప్రొజెస్టోజెన్ ఒంట్లో పడి ఉంటే యులిప్రిస్టల్ సరిగా పనిచేయకపోవచ్చు. లెవోనార్‌జెస్ట్రెల్ వేసుకున్నాక రోజువారీ మాత్రలు వెంటనే కొనసాగించవచ్చు. యులిప్రిస్టల్ అయితే 5 రోజులు ఆగి మొదలుపెట్టాలి. రెండిట్లోనూ కంబైన్డ్ మాత్ర మొదలైన 7 రోజుల దాకా కండోమ్ తప్పనిసరి. ముందు చెప్పిన ఏడు రోజుల లెక్కే ఇదీ.

రోజుల్ని బట్టి పద్ధతి

రోజూ ఒకే వేళకి నిద్రలేచి, ఒకే చోట ఉండేవారికి మాత్ర చక్కగా సరిపోతుంది. అలా కుదరనివారు ఇంప్లాంట్, ఇంజెక్షన్, గర్భసంచిలో పెట్టే సాధనాల గురించి అడగాలి. పిల్లలు పుట్టనివారికి కాపర్ టీ పనికిరాదని ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల్లో అలాంటి నిషేధం లేదు. 20 ఏళ్లలోపు వారికైనా, ఎన్నడూ గర్భం రానివారికైనా మామూలుగా పెట్టవచ్చు. పెట్టేటప్పుడు నొప్పి ఉంటుంది, కొందరికి బాగానే ఉంటుంది. నొప్పి తెలియకుండా ఇచ్చే మందు గురించి ముందే అడగడం హక్కు. కాపర్ టీతో నెలసరి రక్తం, నొప్పి పెరుగుతాయి. హార్మోన్ ఉన్న సాధనంతో తగ్గుతాయి. రక్తహీనత ఉన్నవారు ఈ తేడా చూసుకుని ఎంచుకోవాలి. మొదటి ఏడాదిలో కొందరికి గర్భసంచిలో పెట్టిన సాధనం జారి బయటికి వచ్చేస్తుంది, కాబట్టి తొలి నెలల్లో నెలసరి తర్వాత దారాలు వేలికి తగులుతున్నాయో లేదో చూసుకోవాలి.

ఇంప్లాంట్ ఉన్నవారిలో చాలామంది తీయించేసుకోవడానికి కారణం ఒకటే, ఎప్పుడు ఎంత రక్తస్రావం అవుతుందో చెప్పలేకపోవడం. మాత్రల్లోనూ మొదటి మూడు నెలలు మధ్యమధ్యలో మరకలు కనిపించడం మామూలే. ఈ సంగతి ముందే చెబితే ఓర్చుకుంటారు, చెప్పకపోతే ఏదో అయిపోయిందని ఆపేస్తారు. ఎవరికీ కనబడకుండా ఉండాలనుకునేవారికి ఇంజెక్షన్ తగినది. ఇంప్లాంట్ మోచేయి పైన చర్మం కింద చేతికి తగులుతుంది. భాగస్వామి కండోమ్ తీసేయడం, మాత్రలు పారేయడం లాంటివి చేస్తుంటే గోప్యమైన పద్ధతి అవసరం అవుతుంది. భాగస్వామి అలా చేయడం హింస. దాని గురించి క్లినిక్‌లో చెప్పుకోవచ్చు.

పద్ధతి ఏదైనా అనుమానం మిగిలితే టెస్ట్ చేసుకోండి. కలిసిన నాలుగో రోజున చేసే టెస్ట్‌కి అర్థం లేదు, అప్పటికి మూత్రంలో గర్భాన్ని తెలిపే హెచ్‌సీజీ హార్మోనే ఉండదు. రక్షణ లేకుండా కలిసిన చివరి రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి, తెల్లవారి మొదటి మూత్రంతో చేస్తే ఫలితాన్ని నమ్మవచ్చు. కాపర్ టీ ఉండగా టెస్ట్ పాజిటివ్ వచ్చినా, పాజిటివ్‌తో పాటు పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు. గర్భసంచి బయట, అండవాహికలో పెరిగే గర్భం అయ్యుండవచ్చు. అది పగిలితే లోపల రక్తస్రావమవుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.